నడిమి పడగ మీద మొగం

పలకల గనిలో చరియ విరిగి ఎర్రయ్య మీద పడిన రోజు, గని యజమాని పుల్లారావు ఒక్కటే మాట అన్నాడు: "తాగి పడినాడు." బతికినన్నాళ్ళూ కల్లు ముంత ముట్టని మనిషి, చచ్చాక మార్కాపురం చుట్టుపక్కల తాగుబోతుగా మిగిలిపోయాడు. కొడుకు ఏసురత్నం ఆ మాటను పళ్ళ మధ్య రాయిలా నములుతూనే ఉన్నాడు.

ఏసురత్నం గోడల మీద బొమ్మలు వేస్తాడు. ఫ్లెక్సీలొచ్చి దుకాణాల బోర్డులు పోయాక అతనికి దేవుళ్ళే మిగిలారు. పోయిన ఎండాకాలం ఊళ్ళో గుడి ప్రహరీ మీద కాళీయమర్దనం వెయ్యమని పిలిచారు. కృష్ణుడి పాదం కింద నలిగే నడిమి పడగకు మనిషి మొగం పెట్టాడు: తెగిన ఎడమ కనుబొమ్మ, గడ్డం మీద పులిపిరి, మెలితిప్పిన మీసం. నాలుక బయటికి లాగాడు. మడమను ఇంకాస్త లోపలికి దించాడు. చర్చి క్యాలెండరులో చిన్నప్పటినుంచి చూసింది అదే: దేవదూత కాలి కింద, ఎవరూ జాలిపడని సర్పం. ఊరు చూసి నవ్వాలి. అంతే కావాలి అతనికి.

కార్తీకం వచ్చింది. కొత్త రోడ్డు కోసం పాముల పుట్టను చదును చేసేశారు. దాంతో నాగుల చవితినాడు ఆడవాళ్ళంతా పాలచెంబులతో గోడ దగ్గరికే వచ్చారు. కృష్ణుడు ఎత్తులో ఉన్నాడు. చేతికందేది పామే.

"ఓ లక్ష్మమ్మత్తా, చూడు! అచ్చం మన పుల్లారావు మామే!" అని శిల్ప కిసుక్కున నవ్వింది.

"నోర్ముయ్యే. నాగేంద్రుడే ఆయన రూపంలో వచ్చినాడేమో. ముందు పాలు పొయ్యి."

మధ్యాహ్నానికి పుల్లారావే వచ్చాడు. గోడ మీద పసుపు పూసిన తన మొగం చూసుకుని మీసం దువ్వాడు.

"బాగ గీసినావురా ఏసురత్నం. మీ నాయన తాగుబోతైనా నీకు మంచి చెయ్యి ఇచ్చిపోయినాడు."

ఏసురత్నం సున్నం బకెట్టు తెచ్చాడు. లక్ష్మమ్మ అడ్డం నిలబడింది.

"ఏందిరా అది? పూజ చేసిన బొమ్మ. చెయ్యి పెట్టగాకు."

బకెట్టు అట్లాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు. గని కూలీలంతా ఆదివారాలు కూర్చునే చర్చిలో ఖాళీ గోడ ఒకటుంది. దేవదూత బొమ్మ వెయ్యమని పాస్టరు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. అక్కడ పాముకు పాలు పోసేవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున్నే ఆ గోడ కింద కూర్చుని, తెగిన కనుబొమ్మతో మొదలుపెట్టాడు.

"ఏందయ్యా, ముందు దూతను కదా వెయ్యాల్సింది?" అన్నాడు పాస్టరు.

"దూత ఆగుతాడులే అయ్యగారూ."