1.8 మిల్లీమీటర్ల తోలు

ఉదయం 5:10కి చిట్కుల్‌లో బండి తీస్తే 5:52కి గడ్డపోతారంలోని మా ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేవాళ్లం. దూరం, బండి మీటరు ప్రకారం, 21.4 కిలోమీటర్లు. అందులో పదమూడు కిలోమీటర్లు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు. గాలికి అడ్డం నిలిచే గోడ గానీ చెట్టు గానీ లేని దారి అది. ఆ డిసెంబరు రెండో వారంలో మా వరండాలోని ఉష్ణమాపకం 9.5 డిగ్రీలు చూపించింది. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి మోకాలికి అది ఇంకో నాలుగైదు డిగ్రీలు తక్కువగానే తగులుతుంది. మోకాలి మీద కండ లేదు, కొవ్వు లేదు. ఎముక మీద చర్మం, చర్మం మీద ఫ్యాక్టరీ ఇచ్చిన పలుచని ప్యాంటు.

ప్రయాణం చేసేది ఇద్దరం. నేను అక్కడ ప్రయోగశాలలో మందుల ముడిసరుకును పరీక్షించే ఉద్యోగిని. మా నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడ్డారు. రెండోవాడు అదే ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే రియాక్టరు దగ్గర పనిచేసే ఆపరేటరు. చిట్కుల్ ఊరివాడే, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. బండి నాది, పెట్రోలు చెరిసగం, ఒక వారం నేను నడిపితే మరుసటి వారం అతను. నడిపేవాడు చలి తినాలి, వెనుకవాడు అతని వీపు చాటున కునుకు తీయవచ్చు. ఆ ఒప్పందాన్ని ఇద్దరమూ ఏనాడూ తప్పలేదు.

అన్న పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఏటా ఫిబ్రవరిలో పర్మనెంటు జాబితా వేసేవారు. నవంబరు నుంచి జనవరి దాకా మూడు రోజులకు మించి నాగా పెట్టినవాడి పేరు అందులో రాదు. అంతకు ముందు చలికాలం మోకాళ్లు వాచి అయిదు రోజులు మంచం దిగలేకపోయాడు, పేరు పోయింది. ఈసారి డిసెంబరు పదో తేదీకే రెండు నాగాలు అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. బండి నడిపే వారాల్లో మోకాళ్ల చుట్టూ యూరియా సంచి చుట్టుకుని సుతిలి తాడుతో కట్టుకునేవాడు.

"ఫిబ్రవరి దాంక ఆగితే సాలు తమ్మీ," అనేవాడు మోకాళ్లు తట్టుకుంటూ. "అటెనుక ఇరిగినా నాకేం ఫికర్ లేదు."

దీనికి పరిష్కారం నేను చూస్తానన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను.

వానకోటు ప్యాంటు మొదట పరీక్షించాను. గాలి ఆగింది గానీ లోపల చెమట చేరి, ఆ తడి మోకాలిని మరింత చల్లబరిచింది. రెక్సిన్ చలికి బిగుసుకుని మడత దగ్గర చీలింది. చివరికి మిగిలింది తోలు. విదేశాల్లో బండి నడిపేవాళ్లు చాప్స్ అనే తోలు తొడుగులు వేసుకుంటారు. నడుముకు బెల్టు, తొడ నుంచి మడమ దాకా ప్యాంటు మీద తోలు, కూర్చునే చోట మాత్రం ఖాళీ. ఇంటర్నెట్‌లో జత 5,800 రూపాయలు. కొలతలు చూస్తే ఆరడుగుల మనిషికి కుట్టినవి. వాటి మోకాలి మడత మా ఇద్దరికీ పిక్క మీదకు వస్తుంది.

వెల్డర్లు కట్టుకునే తోలు ఏప్రన్లు అప్పుడు గుర్తుకొచ్చాయి. ఫ్యాక్టరీలు పారేసిన ఏప్రన్లను పటాన్‌చెరులో ఒక పాత సామాన్ల వ్యాపారి అమ్ముతాడు. మందం కొలిచే స్క్రూగేజీ జేబులో పెట్టుకుని వెళ్లాను. పదకొండు ఏప్రన్లను ఒక్కోదాన్ని అయిదు చోట్ల కొలిచాను. పది ఏప్రన్లు 1.1కీ 1.3కీ మధ్య ఉన్నాయి. ఒక్కటి మాత్రం ప్రతిచోటా 1.8 మిల్లీమీటర్లు. దానికి అంత మందం ఎందుకు వచ్చిందని అడగాలని తోచలేదు. అన్నిటికంటే మంచిది దొరికిందని సంతోషించాను. దాన్ని అన్నకు, 1.2 దాన్ని నాకు ఎంచాను. ఆ ఎంపికలో నా ఔదార్యం నాకే ముచ్చటగా అనిపించింది.

సంగారెడ్డిలో చెప్పులు కుట్టే ఒక ముసలాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. నిలబడి ఇచ్చిన కొలత కూర్చుంటే పనికిరాదని, అన్నను బండి మీద కూర్చోబెట్టి మోకాళ్లు వంచి కొలతలు తీయించాను. ముసలాయన కత్తి పెట్టేముందు ఒక్కో ఏప్రన్ అంచు నుంచి చిన్న ముక్క కోసి నాలుకకు ఆనించాడు. కొత్త తోలు ఏది వచ్చినా ఆయన చేసే మొదటి పని అదేనట. నాదాన్ని చూసి తలూపాడు. అన్నదాన్ని ఆనించి ఉమ్మేశాడు.

"ఇది పులుపున్నది సారూ. నాలుక గుంజుతున్నది. ఇది వద్దు."

క్రోమియంతో పదును చేసిన తోలులో కొంత ఆమ్లం మిగలడం సహజమని, దాని పీహెచ్ మూడున్నర, నాలుగు దాకా ఉంటుందని ఆయనకు వివరించాను. అయిదు నిమిషాలు మాట్లాడి ఉంటాను. నేను చెప్పిన అంకెలు తప్పు కాదు. ఆయన విని, కత్తి తీసుకున్నాడు.

"సదువుకున్నోళ్లు, మీకే ఎరక," అన్నాడు.

తొడుగులు చూసి అన్న నవ్వాడు. "ఎనక దిక్కు బట్ట సాల్లేదా తమ్మీ? సగం కుట్టి సగం మర్సిండా ఏంది?" గేటు దగ్గర కావలివాడు ఎడ్ల వీపున కప్పే జూలు కొత్తది కుట్టించారా అని అడిగాడు. మూడు రోజులు ఎండగా, పొడిగా ఉన్నాయి. తన మోకాళ్లు పదకొండేళ్లలో ఎన్నడూ అంత వెచ్చగా లేవని అన్న చెప్పాడు. నాలుగో రోజు పొగమంచు పట్టింది. సుల్తాన్‌పూర్ దాటేసరికి తోలు మీద నీళ్లు కారాయి. అయిదో రోజూ అంతే. ఆ సాయంత్రం అతని ప్యాంటు మోకాలి దగ్గర శనగగింజంత రంధ్రాలు రెండు చూశాను. ప్లాంటులో ఏదో చిందిందనుకున్నాను.

ఆరో రోజు బండి దిగి అతను నడవలేకపోయాడు. బట్టలు మార్చుకునే గదిలో తొడుగు విప్పితే మోకాలి మీది గుడ్డ తడిసిన కాగితంలా ఊడి వచ్చింది. కింద చర్మం తెల్లగా ఉబ్బి, మధ్యలో పచ్చిగా ఉంది. మంట రెండు రోజుల నుంచీ ఉందట. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంత సోంచి కుట్టిపిస్తివి. ఎట్ల ఇడుస్త?" అన్నాడు. మళ్లీ తనే, "చెప్తే దవఖానకు పొమ్మంటవ్. ఒక్క నాగానే ఉండె గద," అన్నాడు.

అతన్ని ఆసుపత్రిలో దింపి వచ్చి, ప్రయోగశాలలో ఆ తోలు నుంచి రెండు గ్రాముల ముక్క కోసి పది మిల్లీలీటర్ల నీటిలో వేశాను. పీహెచ్ కాగితం ముంచాను. ఒకటికీ రెండుకూ మధ్య. ఏదో ప్లాంటులో సల్ఫ్యూరిక్ ఆమ్లం తాగిన ఏప్రన్ అది. ఆమ్లానికి ఉబ్బింది కాబట్టే మిగతా పదింటికంటే మందంగా ఉంది. పొడిగా ఉన్నన్నాళ్లు ఊరుకుంది, పొగమంచు తగలగానే బయటికి వచ్చింది. ఈ పరీక్షకు నాకు పట్టిన సమయం నాలుగు నిమిషాలు. ఆ కాగితాల పుస్తకం ఏప్రన్లు కొన్న రోజు కూడా నా సొరుగులోనే ఉంది. రోజుకు నలభైసార్లు నేను చేసే పని అదే.

తప్పు నాదని పర్సనెల్ విభాగంలో రాసిచ్చాను. నాగాకు కారణం రాసుకునే గడి తమ రిజిస్టరులో లేదన్నారు.

ఫిబ్రవరిలో జాబితా అంటించిన రోజు అన్న నా పక్కనే నిలబడి కింది దాకా చదివాడు. నన్ను తిట్టలేదు. "ముసలోని నాలుకకు తెలిసింది నీ మిషిన్‌కు తెల్వకపాయె," అని మాత్రం అన్నాడు. మరుసటి సోమవారం నుంచి వేరేగా ఆటోలో వస్తున్నాడు. నన్ను సారూ అని పిలుస్తున్నాడు.

ఏప్రన్లు రెండు, 640 రూపాయలు. కుట్టుకూలి, బకిల్సు, 950. ఆసుపత్రి, కట్లు, మందులు, 7,300. నేను ఇవ్వబోతే తీసుకోలేదు. నాగాలు పందొమ్మిది, ఆ రోజుల కూలి 9,880. ప్యాంట్లు రెండు. కుడి మోకాలి మీద అరచేతిలో సగమంత మచ్చ. జాబితాలో రాని ఒక పేరు. కాంట్రాక్టు మీద పన్నెండో ఏడు. పీహెచ్ కాగితం ఒకటి.