స్వామి మింగిన మాత్రలు

ధర్మవరంలో మా వీధికంతా జాకెట్లు కుట్టేది నేనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ ముందు కూర్చోవాలి. అలా కూర్చునే మనిషికి కింద దురద, మంట మొదలైతే ఎలా ఉంటుందో చెప్పేదేముంది, నరకమే. తెల్లబట్ట కూడా అయ్యేది, అదీ పచ్చగా, వాసనతో. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లకు మెల్లగా చెబితే అందరిదీ ఒకటే మాట. "వేడి చేసిండాదిలేమ్మా, సబ్జా గింజలు తాగు." ఆ ఎండాకాలమంతా చెంబులకు చెంబులు సబ్జా నీళ్లు తాగాను. వేడి తగ్గిందేమో గానీ దురద తగ్గలేదు.

చివరికి హిందూపురం పోయాను. ధర్మవరంలో ఏ ఆస్పత్రికి పోయినా బెంచీల మీద సగం మంది నా జాకెట్లు వేసుకున్నవాళ్లే ఉంటారు, అందుకని. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఇది వేడి కాదు, కంటికి కనిపించని క్రిమి అని చెప్పింది. మొగుడూ పెళ్లాల మధ్య ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట. చాలామందికి వచ్చేదే, మాత్రలకు పోతుంది. కాకపోతే ఇద్దరూ ఒకేసారి ఏడు రోజులు మింగాలి. ఆ ఏడు రోజులూ ఆయన సారా, బ్రాందీ ముట్టకూడదు, ఇద్దరూ కలవకూడదు.

మా ఆయనకు సరుకులు తోలే ఆటో ఉంది. మాత్రలు ముందు పెట్టేసరికి ఇంతెత్తున లేచాడు. "నాకేమయిండాదే? దురదా, మంటా? గుండ్రాయి మాదిరి ఉండా. నీకొస్తే నువ్వు మింగు." మగవాళ్లకు పైకేమీ తెలియదని డాక్టరమ్మ చెప్పిందన్నా వింటేనా! నేనొక్కదాన్నే మింగాను. తగ్గింది, రెండు నెలలకు మళ్లీ వచ్చింది. రెండోసారి బతిమాలితే మూడు రోజులు మింగాడు. నాలుగో రోజు ఆదివారం. క్వార్టర్ తాగి, కడుపులో తిప్పి, వాంతి చేసుకుని, తప్పంతా మాత్రల మీద వేశాడు. నాకు మళ్లీ మొదలు.

ఒళ్లు మండిపోయింది. జబ్బుకన్నా ఎక్కువగా ఒక అనుమానం నన్ను లోపల తొలిచేస్తోంది. ఆటో వేసుకుని ఊళ్లన్నీ తిరిగే మనిషి. ఎక్కడో తగిలించుకున్నాడు, అందుకే మాత్రలంటే ఉలిక్కిపడుతున్నాడు అనుకున్నాను. "ఈసారి నువ్వు మింగకపోతే మిషన్ ఎత్తుకోని సోమందేపల్లికి మా అక్క ఇంటికి పోతా. మళ్లా రాను, చూసుకో" అని చెప్పేశాను. ఉత్తుత్తి బెదిరింపు కాదు, అక్కకు ఫోన్ కూడా చేశాను.

వారం తిరక్కముందే ఆయన పెనుకొండ పోయి, గురుస్వామి చేత అయ్యప్ప మాల వేయించుకుని, నల్లబట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను చూసి "మాతా, కాళ్లకు నీళ్లు" అన్నాడు. ఇరుగుపొరుగువాళ్లు చేతులు జోడిస్తున్నారు, నాకేమో నవ్వు ఆగడం లేదు. ఇంక నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు, చాప వేసుకుని వేరే పడుకుంటాడు. డాక్టరమ్మ అడిగింది ఏడు రోజులేనాయె! మర్నాడే హిందూపురం బస్సెక్కి ఇద్దరికీ మాత్రలు తెచ్చాను.

"మాలలో ఉండే స్వామితో ఇట్లాంటి మాటలా?" అని చెవులు మూసుకున్నాడు.

"మాలలో జొరమొస్తే మాత్ర ఏసుకోరా స్వామీ?"

వెంటనే గురుస్వామికి ఫోన్ చేశాడు. ఏం జబ్బో చెప్పకుండా, "స్వామీ, ఇంట్లో మాత్రలు ఏసుకోమంటాండారు, ఏసుకోవచ్చా?" అని నసిగాడు. గురుస్వామి గొంతు నాకూ వినబడింది. "డాక్టర్ రాసిచ్చింది మింగల్ల స్వామీ. ఒళ్లు బాగుంటేనే కదా కొండెక్కేది." ఆ పుణ్యాత్ముడికి ఉన్నచోటు నుంచే దండం పెట్టాను.

పొద్దున పూజయ్యి కాస్త తిన్నాక ఒకటి, సాయంత్రం పలహారమయ్యాక ఒకటి. నా ఎదురుగానే మింగించేదాన్ని, నేనూ మింగేదాన్ని. రెండో రోజు మొహం అదోలా పెట్టి, "నోరంతా ఇనుము నాకినట్టుండాది మాతా. నీకూ ఇంతేనా?" అన్నాడు. "నాకిది మూడోసారి స్వామీ" అన్నాను. పాపం, లేచి వెళ్లి డబ్బాలోంచి బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. అబద్ధమెందుకు, ఆ వారం మా ఇంట్లో హాయిగానే గడిచింది. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే నా ఒంట్లో క్రిమి లేదన్నారు కూడా.

కానీ నేను మరిచిపోలేనిది ఆ ఏడో రోజు సాయంత్రం. ఆయన ఆఖరి మాత్ర మింగాడు. మాలలో ఉన్న మనిషి అబద్ధం చెప్పడన్న ధైర్యంతో అడిగేశాను. "స్వామీ, నిజం చెప్పు. ఈ జబ్బు యాడ తెచ్చుకున్నావు?"

ఆయనకు కోపం రాలేదు. "నేను యాడికీ పోలేదు మాతా. అయ్యప్ప చూస్తాండాడు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇంతసేపూ ఎందుకు దాటేశానో నాకే తెలియదు. ఇది నాకు రెండో పెళ్లి. మొదటాయన తిరుగుళ్లు భరించలేక వదిలేసి వచ్చాను. కొందరు ఆడవాళ్ల ఒంట్లో ఈ క్రిమి ఎప్పుడో అంటుకుని, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండొచ్చని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట ఈయనకు చెప్పింది నేనే. చెప్పి నేను మరిచాను, ఈయన మరవలేదు.

"అయితే మాత్రలు ఎందుకు మింగనంటివి?"

"అది నా మొండితనం. తప్పే."

"మరి ఇది నాకెట్ల వచ్చిందని నన్నొక్క మాట కూడా అడగలేదే?"

నీళ్ల గ్లాసు కింద పెట్టి, "ఏమని అడగల్ల? నీ మొదటాయన చేసిందానికి నువ్వు నాకు జవాబు చెప్పల్లా?" అన్నాడు.

ఇన్ని నెలలుగా నేను దొంగను చూసినట్టు చూసిన మనిషి ఈయన. వంటింట్లోకి పోయి, సిగ్గుతో కొంతసేపు, సంతోషంతో కొంతసేపు ఏడ్చాను.