మునియప్ప చూడకూడనిది

కరోనాకు ముందటేడు. అన్నూరు దగ్గర ఒక పత్తిచేనులోని చిన్న గుడిలో కావలిదేవుడు మునియప్పకు రంగు వేయమని సింగానల్లూరు నుంచి నన్ను పిలిపించారు. ఊరి దేవుళ్ళకు ఎనామెల్ రంగులు వేయడం నా వృత్తి. ఇరవై ఏళ్ళలో నేను దిద్దిన మీసాలను వరసగా పరిస్తే వాటి మీద నడిచి అవినాశి చేరుకోవచ్చు.

కొత్త రంగు పట్టాలంటే పాతదాన్ని స్క్రేపర్‌తో, అంటే పదునైన రేకుతో, గీకాలి. గీకాను. ఏడు తరాల రంగు, ఏడు గానుగల నూనె రాలాయి. వాటి వెంట మునియప్ప మీసం కూడా ఊడి నా ఒళ్ళో పడింది! అది రాయి కాదు, పుట్టీ; గుంటలు పూడ్చే ముద్ద. దాని వెనుక మీసమే లేని మొహం. మూసిన కళ్ళు, భుజాల దాకా జారిన చెవులు, ఒడిలో ఒకదానిపై ఒకటి పెట్టుకున్న చేతులు. బుద్ధుడు.

కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని అనిపించింది. ఫోన్ తీసి ఫోటో కొట్టాను. జేబులో పెట్టాను, మళ్ళీ తీశాను. ఆ ఫోటో బయటికి పోతే సామిని మ్యూజియానికి ఎత్తుకుపోతారు. మరునాడే పూజ. కొడుకు గుండె ఆపరేషన్ గట్టెక్కినందుకు చేనుగల రంగమ్మవ్వ మొక్కుకున్న పొట్టేలు నా వెనకే నిలబడి, నా బ్రష్షు నములుతోంది.

అంతలో అవ్వ మజ్జిగ తెచ్చింది.

"ఏమి తంబీ, సామి మొగము చూసి బెదిరినావా?"

"అవ్వా, ఈయన మునియప్ప కాదు, బుద్ధుడు. చీమను కూడా చంపొద్దన్నోడు. ఈయన ముందరనా పొట్టేలును కోసేది?"

అవ్వ నా చేతిలోని మీసాన్ని చూసి నవ్వింది.

"పేరు నాకు తెలీదప్పా. కండ్లు మూసుకోనుండే సామి నెత్తురు చూడకూడదని మా అత్త చెప్పింది. అందుకే కోసేటప్పుడు తెర వేస్తాము. ఆ కమ్మి ఎందుకుండాదనుకొన్నావు?"

గుడి వాకిట అడ్డంగా ఇనుప కమ్మి. పొద్దున నేను తువ్వాలు ఆరేసుకున్నది దానిమీదే.

"మీసం మాత్రం పెట్టు. చేనికి కావలుండే సామికి మీసం లేకుంటే ఎవుడు బెదురుతాడు?"

"సంగతి తెలిస్తే తీసుకపోతారవ్వా."

"నువ్వు చెప్తావా?"

ఈసారి ఆమె నవ్వలేదు. ఫోటోను ఆమె కళ్ళముందే తుడిపేశాను.

మళ్ళీ పుట్టీ పెడితే, గీకే రోజున రాయి పెచ్చు లేస్తుంది. అందుకని ఉత్త రంగుతోనే మీసం మెలి తిప్పాను.

మరునాడు కమ్మికి తెర వేసి, గాలికి ఎగరకుండా ఒక కొస నా చేతికే ఇచ్చారు. లోపల ఆయన నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు. మరొకసారి తొంగిచూడబోయేసరికి కొస జారి తెర అంతా ఊగింది.

"గట్టిగా పట్టు తంబీ, సామి చూస్తాడు!" అని అవ్వ గద్దించింది.

ఇప్పుడు ఏ గుడికి వెళ్ళినా స్క్రేపర్‌ను సంచిలోనే ఉంచి, ముందు ఆ గుడిని చూసుకునే ఇంటి పెద్దావిడ దగ్గర కూర్చుని అడుగుతాను: ఈ సామి ఏమేమి చూడకూడదు?