జర్మను వడ్రంగి బెంచీ

మొన్న డాక్టరు నన్ను ఇక నేల మీద కూర్చోవద్దన్నాడు. ఆ మాటతో జెర్సీ సిటీలోని ఒక పాత చర్చి గుర్తుకొచ్చింది. 2006లో మేం తెలుగువాళ్ళం కొందరం కలిసి దాన్ని గుడి కోసం కొన్నాం. పందొమ్మిదో శతాబ్దంలో ఓడ దిగిన జర్మనులు కట్టుకున్న చర్చి అది. వాళ్ళలో ఒక వడ్రంగి పగలంతా రైలుపెట్టెలు చేసి, సాయంత్రాలు చర్చికి బెంచీలు చేశాడట. అలాంటివాళ్ళ చేతుల మీదుగానే ఊరు పెరిగింది. ఊరితోపాటు పెరిగిన పిల్లలు మాత్రం పెద్ద పెరళ్ళున్న ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. చివరికి ఆ వడ్రంగి మునిమనవరాలైన ఎనభై దాటిన ముసలావిడ, మరో నలుగురు మిగిలారు. ఆవిడ మమ్మల్ని కోరింది ఒక్కటే: ముత్తాత చేసిన బెంచీల్లో ఒకటి ఉంచాలి, ఆదివారాలు తను వచ్చి కాసేపు కూర్చోవాలి.

మాకు బెంచీలతో పని లేదు. దేవుడి ముందు కుర్చీ వేసుకుంటామా? కమిటీలో చురుకైన సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు, "ఒకటి ఉంచినా గుడి లుక్కే పోతది అంకుల్. ఆమెకి ఫొటో ఫ్రేమ్ చేసి ఇద్దాం" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పత్రికలో ఇరుపక్షాల వాదనా రాసిన అలవాటుకొద్దీ నేను ఏ పక్షానా మాట్లాడలేదు.

బెంచీలన్నీ తీసేసే శనివారం ఆవిడ వచ్చింది. గుమ్మంలో మా చెప్పుల గుట్ట చూసి, ఎవరూ చెప్పకుండానే వంగి బూట్ల లేసులు విప్పుకుంది. అందుకు చాలాసేపు పట్టింది. మేజోళ్ళతో నడిచి వెళ్ళి, మిగిలిన ఒక్క బెంచీ మీద కూర్చుంది. మోయడానికి వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పటిదాకా కొబ్బరికాయల సంచీతో గోడకానుకుని ఉన్న మా వదిన వెళ్ళి ఆవిడ పక్కన కూలబడింది.

"ఆంటీ, బయట ట్రక్ వెయిట్ చేస్తోంది" అన్నాడు ఆ కుర్రాడు.

"చెయ్యనీ నాయనా. కింద కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి. తీసుకెళ్ళాలంటే మా ఇద్దర్నీ కలిపి మోసుకెళ్ళు."

"ముందే చెప్పొచ్చు కదా ఆంటీ."

"నా మోకాళ్ళ సంగతి మీ మీటింగులో పెట్టాలా?"

బెంచీ ఉండిపోయింది. తరవాతి ఆదివారాల్లో నొప్పులున్న పెద్దవాళ్ళందరూ దాని మీదికే చేరారు. చోటు దొరకాలంటే ముసలావిడే ముందుగా రావలసి వచ్చేది. చిన్నప్పుడూ ఇలాగే ఇరుక్కుని కూర్చునేవాళ్ళమని ఆవిడ ఇంగ్లీషులో చెబితే, మా వదిన తెలుగులో ఊఁ కొట్టేది. ఆ జర్మనులకీ మాకూ మధ్య వందేళ్ళంటే చాలా కాలమనుకునేవాణ్ణి. వచ్చినవాళ్ళకి కాస్త పక్కకి జరిగి చోటిచ్చేటంత సేపేనని ఇప్పుడనిపిస్తుంది.