బాలవ్వ కొలిపించిన గల్లీ

బాలవ్వ భర్త దేవదాస్‌కు ఊపిరి అందకుండా పోయింది 2021 ఏప్రిల్‌లో, పట్టపగలు పదకొండు గంటలకు. సూరత్ గోడాదరాలో వాళ్లుండే గల్లీ మొదటికి అంబులెన్సు వచ్చి ఆగింది. లోపలికి రాలేకపోయింది. గల్లీ మధ్యలో కాంజీభాయి గోదాము ముందు లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి నూలు దింపుతోంది. బాలవ్వ పరుగెత్తుకెళ్లి లారీ తీయించమని అడిగింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న కాంజీభాయి మాస్కు సర్దుకుని, ఇంకెంత, ఇరవై నిమిషాల్లో అయిపోతుందన్నాడు. దేవదాస్‌ను మంచంతో సహా లారీకీ గోడకూ మధ్య సందులోంచి ఏటవాలుగా మోసుకెళ్లారు. ఆసుపత్రి చేరేసరికి ప్రాణం లేదు.

పదిరోజులు దాటాక బాలవ్వ ఏడవలేదు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ముప్ఫై ఏళ్ల కింద మొగుడితో వచ్చిన మనిషి. అతను మరమగ్గాల సాంచాలు నడిపేవాడు. ఆమె బట్టను మీటరు మీటరుగా మడతవేసే ఖార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. రోజూ గోదాము ముందు నుంచే పనికి వెళ్లాలి. తల తిప్పుకునేది కాదు. కాంజీభాయి కళ్లు దించుకునేదాకా చూసి, అప్పుడు కదిలేది.

ఆ ఏడు దసరా తరువాత గోదాము గోడ మీద గుజరాతీలో ఒక కాగితం అంటించారు. డిగ్రీ చదువుతున్న కూతురు సింధూజ చదివి చెప్పింది. ఇళ్ల జాగాలో ఉన్న ఆ చిన్న గోదామును పెద్ద వ్యాపార జాగాగా మార్చి, పది చక్రాల లారీలు వచ్చిపోయే సరుకుల డిపో పెట్టుకోవడానికి కాంజీభాయి అనుమతి అడిగాడు. డిపోకు కావలసినట్టే ముందున్న రోడ్డు పన్నెండు మీటర్లని రాశాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు నెలలోపు చెప్పాలి.

బాలవ్వ గల్లీని అటు నుంచి ఇటు ఒకసారి చూసింది.

"పన్నెండు లేదు బిడ్డా. ఎనిమిది గూడ లేదు. రాయి."

సింధూజ వెంటనే రాయలేదు. టేపు పెడితే తమ గడప ముందున్న మెట్లు కూడా రోడ్డు మీదే ఉన్నట్టు తేలుతుందని నెమ్మదిగా చెప్పింది. ఆ మెట్లు దేవదాస్ రెండు ఆదివారాలు కూర్చుని తన చేత్తో కట్టినవి. బాలవ్వకు అది ముందే తెలుసు.

"పోనీ. మనయి పోతే మనయి పోతయ్. వాని డిపో లేవద్దు."

అభ్యంతరం సంగతి తెలిసి మొదట మల్లేష్ వచ్చాడు. దేవదాస్‌కు తమ్ముడిలాంటివాడు, అదే గోదాములో హమాలీ. డిపో వస్తే పదిమంది తెలుగువాళ్లకు పని దొరుకుతుందని, కాగితం వెనక్కి తీసుకొమ్మని బతిమాలాడు. ఆమె చాయ్ ఇచ్చింది గాని కాగితం వెనక్కి తీసుకోలేదు.

తరువాత కాంజీభాయే వచ్చాడు. మర్యాదగా చెప్పులు బయట విడిచి, సింధూజకు ఆఫీసులో ఉద్యోగం ఇస్తానన్నాడు. బాలవ్వ తనకొచ్చిన హిందీలో ఒక్కటే అడిగింది: ఏప్రిల్‌లో అంబులెన్సుకు అడ్డమున్న లారీ గుర్తుందా అని. అతను నిజంగానే ఆలోచించాడు. రోజూ లారీలు వస్తాయి బెన్, ఏదని గుర్తుపెట్టుకోను అన్నాడు. అబద్ధమాడినా ఆమెకు అంత మండేది కాదు. లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

జనవరిలో ఊర్మిళాబెన్ అనే మున్సిపల్ అధికారి గల్లీ నక్షా పట్టుకుని చూడటానికి వచ్చింది. ఆ రోజు గల్లీలో ఒక్క లారీ లేదు, నేల ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. గల్లీ మొదట్లో టేపు పెడితే సరిగ్గా పన్నెండు మీటర్లు. కాంజీభాయి నవ్వాడు. బాలవ్వ ముందు నడిచి, గల్లీ మధ్యలో తన ఇంటికీ గోదాము ప్రహరీకీ నడుమ నిలబడింది. ఇక్కడ కొలవమంది. ఎనిమిదికి కాస్త తక్కువే వచ్చింది.

ఆ మెట్లు తీసేస్తే సరిపోతుందని కాంజీభాయి వేలు చూపించాడు. ఎవరివని అధికారి అడిగింది.

"నాయే. రోడ్డు మీదనే ఉన్నయ్. రాసుకోండ్రి," అంది బాలవ్వ. సింధూజ గుజరాతీలో చెప్పింది.

మెట్లు మీటరు లోపే. మిగతా మూడు మీటర్లు ఎటుపోయాయని ఊర్మిళాబెన్ నక్షా విప్పింది. కాంజీభాయి ప్రహరీ అంతమేరా రోడ్డులోకి వచ్చి ఉంది. అతను ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా గేటు లోపలికి వెళ్లి, గోడను వెనక్కి జరిపితే మిగిలే ఆవరణ కొలిచింది. గోడ జరిపితే లారీ తిరగడానికి లోపల చోటుండదు. జరపకపోతే రోడ్డు చాలదు.

వెళ్లేముందు సింధూజ ఆమెకు నాన్న సంగతి చెప్పింది. ఆ చావును తను రాయలేనని, వెడల్పు మాత్రమే రాయగలనని అధికారి అంది.

"ఆయన సావు ఆమె రాయనక్కర్లేదు," అంది బాలవ్వ. "మీటర్లు రాస్తే చాలు."

ఎండాకాలంలో దరఖాస్తు తిరస్కరించారు. కూల్చడానికి వచ్చినవాళ్లు మొదట మెట్లు పగలగొట్టారు. బాలవ్వ ఆ ఇటుకలు తనే ఏరి ఒక పక్కన పేర్చింది. గోడ వంతు వచ్చేసరికి పనికి సెలవు పెట్టి, కుర్చీ తెచ్చుకుని సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుంది. కాంజీభాయి ఎవరెవరికో ఫోన్లు చేస్తూ దుమ్ములో అటూ ఇటూ తిరిగాడు. అతను అలసిపోయి రోడ్డు మీదే చతికిలబడటం చూశాక ఆమె మంచినీళ్లు తాగింది.

ఇప్పటికైనా మనసు చల్లబడిందా అని కూతురు అడిగింది. "లేదు బిడ్డా. గని మంచిగనే ఉంది," అంది.

కాంజీభాయి గోదామును ఊరవతల జోల్వాకు మార్చాడు. అంత దూరం పోలేక మల్లేష్ పని మానుకున్నాడు. గల్లీలో ఎదురుపడితే ఇప్పుడు అతనే తల తిప్పుకుంటాడు. బాలవ్వ అతని భార్యకు తన ఖార్ఖానాలో మడతల పని అడిగి పెట్టించింది. క్షమించమని మాత్రం అతన్ని అడగలేదు.