పెట్టె మూత లోపలి పిచర్

నీళ్ళ వేడిని రీజిస్ హూడక్ ఎప్పుడూ ఎడమ మణికట్టు లోపలి వైపునే చూసుకునేవాడు, పసిబిడ్డకు స్నానం పోసే ముందు చూసినట్టు. ఒకసారి నేను ఉష్ణమాపకం తెచ్చి ఇచ్చాను. అతను అనుకున్నదానికంటే నీళ్ళు కొంచెం చల్లగా ఉన్నాయని అది చూపింది. రీజిస్ మర్యాదగా తల ఊపి, మళ్ళీ మణికట్టునే నమ్ముకున్నాడు. ఉష్ణమాపకం అతని భార్య పాలెట్ వంటింట్లోకి చేరింది. అక్కడ దానికి మంచి ఉపయోగమే దొరికింది.

మా ఊరు కార్న్స్ ఫెర్రీలో, అగ్నిమాపక దళం హాలులో ప్రతి నెలా మొదటి శనివారం పాత బేస్‌బాల్ కార్డుల సంత జరిగేది. దాన్ని నడిపేది రీజిస్. చివరి గంటలో కార్డులు నానబెట్టడం అక్కడి ఆనవాయితీ. వందేళ్ళ కిందట సిగరెట్ పెట్టెల్లో వచ్చిన, ఆటగాళ్ళ బొమ్మలున్న చిన్న కార్డులను జనం పిండి జిగురుతో పుస్తకాలకు అతికించేవారు. బలవంతంగా పీకితే వెనక పొర చిరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో పడుకోబెట్టి ఆగితే పిండి ఉబ్బి, పట్టు వదిలేస్తుంది. ఆనాటి అచ్చు రంగులకు నీళ్ళంటే భయం లేదు. ఎవరు ఏ పుస్తకం తెచ్చినా రీజిస్ హాలు వంటగదిలో, పాలెట్ పండక్కి టర్కీ కోడిని కాల్చే పెద్ద పళ్ళెంలో, ఉచితంగా నానబెట్టి ఇచ్చేవాడు.

ఆగడం అతనికి వృత్తి నేర్పిన విద్య. ఊరి గాజు కర్మాగారంలో అతను చేసినదంతా చల్లార్చే కొలిమి దగ్గరి పని. వేడి గాజు తొందరగా చల్లారితే అప్పుడు బాగానే కనిపిస్తుంది, వారం తర్వాత బల్ల మీద ఉన్నది ఉన్నట్టుగా పగులుతుంది. అలా పగిలిన కూజాలను అతను చాలానే చూశాడు.

కార్డులు పోగుచేయడం మాత్రం కర్మాగారానికి ముందే, ఎనిమిదో ఏట మొదలైంది. తను పుట్టిన సంవత్సరపు కార్డులన్నీ అతని దగ్గరున్నాయి. అన్నీ ఉన్నా వెతుకులాట ఆగలేదు. ఉన్న కార్డు మూల కొంచెం మొద్దుబారి ఉంటే, పదునైన మూల ఉన్న అదే కార్డు కోసం వెతికేవాడు. దొరికితే పాతది తీసి కొత్తది పెట్టేవాడు. ఈ మార్పిడి కార్డులు పోగుచేసే మా వాళ్ళందరికీ ఉన్న జబ్బే. జీవితాంతం అదే ఆటగాడిని, అదే బొమ్మను, ఇంకాస్త మంచి ఒంటితో వెతుక్కుంటూ ఉంటాం.

ఆ డిసెంబరు శనివారం సంతకు చివరిదని రీజిస్ ముందే చెప్పేశాడు. పాత కార్డుల బల్లల దగ్గర యాభై దాటనివాళ్ళు కనిపించడం మానేశారు. కుర్రకారంతా తలుపు దగ్గరి బల్లల మీద కొత్త కార్డుల ప్యాకెట్లు చించుతూ, మెరుపు కార్డు వస్తే ఫోనుకు చూపించి, రాకపోతే అక్కడే వదిలేసి పోయేవారు. హాలు కేటాయింపులు చూసే కాలీన్ డార్సీ కూడా తొందరపెట్టింది. వచ్చే ఏడాది శనివారాలు మాకు కావాలో వద్దో ఆ రోజు హాలు మూసేలోగా చెప్పాలి.

"వద్దనే రాసుకో" అన్నాడు రీజిస్ పొద్దున్నే.

"మూసేటప్పుడు అడుగుతానన్నాను. అప్పుడే చెప్పు" అంది కాలీన్. "పొద్దున్న నువ్వు చెప్పేది సాయంత్రానికి ఎప్పుడు నిలిచింది గనక?"

మధ్యాహ్నం దాటాక ఒక అమ్మాయి స్నానపు తువ్వాలలో చుట్టిన వెడల్పాటి చెక్కను రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది. పేరు కెంజీ వాస్కో, వయసు ఇరవై మూడు. కరెంటు పని నేర్చుకుంటోంది. బూట్ల మీద సున్నపు పొడి ఇంకా ఉంది. నది అవతల ఒక పాత ఇంటి అటకలో తీగలు లాగుతుంటే ట్రంకు పెట్టె ఒకటి కనిపించిందట. పురుగు తిన్న పెట్టెను పారేస్తూ, మూత కావాలంటే తీసుకెళ్ళమన్నారట ఇంటివాళ్ళు.

తువ్వాలు తీసింది. మూత లోపలి వైపు, వరుసలు వరుసలుగా, సిగరెట్ కార్డులు అతికించి ఉన్నాయి. ఎర్రటి, పచ్చటి, నారింజ రంగు ఆకాశాల ముందు టోపీలు పెట్టుకుని నిలబడ్డ ఆటగాళ్ళు. అంచుల్లో కాస్త మసి. మధ్యలో రంగులు నిన్న అచ్చువేసినట్టు ఉన్నాయి. వంద సంవత్సరాలకు పైగా చీకట్లో మూసి ఉంచితే రంగుకు ఏమీ కాదని నాకు తెలుసు. తెలియడం వేరు, ఎదురుగా చూడడం వేరు.

పక్క బల్ల దగ్గర కార్డులమ్మే స్టూష్ తన కుర్చీని వెనక్కి తన్ని మరీ లేచాడు. "ఒరేయ్ రీజిస్, నీ టర్కీ పళ్ళెం చాలదురా దీనికి. స్నానాల తొట్టి కావాలి."

"తొట్టిలో చెక్క ఉబ్బుతుంది. నీళ్ళు పీల్చే అద్దుడు కాగితాలు తడిపి పరిచి, ఒక్కొక్కటే తియ్యాలి" అన్నాడు రీజిస్. అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. "రెండు మూడు నెలల పని. అన్నీ వస్తాయి."

"అన్నీ తియ్యడం ఎందుకండీ?" అంది కెంజీ.

స్టూష్ నోరు తెరుచుకుంది. రీజిస్ మడత మధ్యలో ఆగాడు.

"మరి తియ్యడానికి కాకపోతే ఎందుకు తెచ్చావమ్మా?"

"వీళ్ళెవరో చెప్తారని తెచ్చాను. కొందరిని నేనే పట్టుకున్నాను." ఆమె ఫోను తీసింది. "భోజనం టైములో పాత పేపర్లు చదువుతుంటాను, ఇప్పుడు అన్నీ ఫోన్లోకి వచ్చేశాయి కదా. ఈ మీసాలాయన పిట్స్‌బర్గ్‌లో ఒక్క వేసవే ఆడాడు, తర్వాత గుర్రాల నాడాలు కొట్టుకుంటూ బతికాడు. ఈయన మోకాలు పోయింది. ఈ నారింజ ఆకాశం ముందు బంతి విసిరే పిచర్ ఒక్కడే దొరకడం లేదు, పేరు మీద మసి పట్టింది."

"జిగురుతో ఉన్న కార్డు సగం చచ్చిన కార్డే పిల్లా. తీస్తేనే దానికి ప్రాణం" అన్నాడు స్టూష్.

"ఈ పెట్టె ఎవరిదో, మసి చూస్తే బొగ్గు గని కూలీ అయ్యుంటాడు. రోజూ పెట్టె తెరిస్తే వీళ్ళందరూ కనిపించాలని కూర్చుని అతికించుకున్నాడు. ఆయన పెట్టినవాళ్ళని మనం ఎందుకు దించాలి? కొత్త కార్డులైతే ప్లాస్టిక్ డబ్బాల్లో ఆస్పత్రి పేషెంట్లలా ఉంటాయి. వీటిని ఒక మనిషి ముట్టుకున్నాడు. నాకు కావాల్సింది అదే."

"మా ఆయన నాలుగు దశాబ్దాలుగా జిగురు వదిలిస్తున్నాడు, ఇప్పుడొచ్చి వద్దంటున్నావు" అంది పాలెట్ వంటగది కిటికీలోంచి, గరిటెతో క్యాబేజీ నూడుల్స్ కలుపుతూ. "ముందు కూర్చుని తిను తల్లీ. వాదన ఎక్కడికీ పోదు."

రీజిస్ భూతద్దం తీసి మూత మీదికి వంగాడు. అతని ముఖంలో చిన్న నిరాశ ఉంది, మర్యాద కొద్దీ దాచుకున్నాడు. వరుసల వెంట నెమ్మదిగా జరుగుతూ, నారింజ ఆకాశం పిచర్ దగ్గర ఆగిపోయాడు. చేతిదీపం అడిగాడు. పక్క నుంచి, దాదాపు మూతకు సమాంతరంగా వెలుగు పట్టాడు.

"మాస్టారూ, ఇటు రండి" అన్నాడు నాతో.

చూశాను. మిగతా కార్డుల అంచులు చెక్కకు అంటుకుని ఉన్నాయి. ఈ ఒక్కదాని నీడ రెట్టింపు మందంగా పడుతోంది. పైకి లేచిన కింది మూలలో రెండు అంచులు కనిపించాయి. ఒకదాని కింద ఇంకొకటి.

"కింద ఇంకో కార్డుంది" అన్నాను.

ఆ మాట హాలులో ఎలా పాకిందో చెప్పలేను. ప్యాకెట్లు చించుతున్న కుర్రవాళ్ళు చేతుల్లోని రేపర్లతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు. తలా ఒక ఊహ. కింద ఉన్నది ఎవరికీ తెలియని కార్డని స్టూష్, గని కూలీ సొంత ఫొటో అని పాలెట్. రీజిస్ మాత్రం చెయ్యి వెయ్యలేదు.

"మూత నీది" అన్నాడు కెంజీతో. "వద్దంటే ఇలాగే ఉంచేస్తా."

ఆమె పెదవి కొరుక్కుంది. తియ్యకూడదు, చూడాలి. రెండూ ఒకేసారి కుదరవు. మూలను వేలి కొనతో తాకింది. అది ఎలాగూ సగం వదిలేసి ఉంది.

"ఈ ఒక్కటే" అంది. "మిగతావాళ్ళ జోలికి పోకూడదు. పైగా నేనే తీస్తాను, మీరు చెప్పండి."

"నువ్వా?" అన్నాడు స్టూష్.

"రోజంతా గోడల్లోంచి తీగలు లాగేదాన్ని. చెయ్యి వణకదు."

రీజిస్ చిన్న గిన్నెలోని నీళ్ళు మణికట్టుతో చూసి, ఆమె మణికట్టు మీద కూడా రెండు చుక్కలు వేశాడు. "ఇంత వేడి. గుర్తుంచుకో." అద్దుడు కాగితాన్ని కార్డు కొలతకు కత్తిరించి, తడిపి, పిండి, పిచర్ మీద పరిచారు. చుట్టూ ఉన్న కార్డుల మీద పొడి కాగితాలు కప్పారు. కాగితం ఆరబోతే మళ్ళీ తడపాలి. అంతే పని. మిగిలిందంతా ఆగడం.

"బ్లేడు పెట్టి కొంచెం అంటే..." అన్నాడు స్టూష్ కాసేపటికి.

"నీ బ్లేడుతో గడ్డం గీసుకో పో" అన్నాడు రీజిస్.

ఈలోగా కాలీన్ కాగితాల పలకతో వచ్చింది. "మూసే వేళైంది. అవునా, కాదా?"

"ఆగు" అన్నాడు రీజిస్ తల ఎత్తకుండా.

కెంజీ కాగితాలు వదిలించే పలచటి ఎముక బద్దను మూల కిందికి పోనిచ్చింది. రీజిస్ చెయ్యి ఆమె చేతికి బెత్తెడు దూరంలో గాలిలో ఉంది, ముట్టుకోలేదు. "లాగకు. అదే వస్తుంది. ఆగింది కదా, నువ్వూ ఆగు. మళ్ళీ తడుపు. ఇప్పుడు." కార్డు తడి ఆకులా వంగి, ఒక అంచు నుంచి మరో అంచుకు మెల్లగా వదిలింది. రీజిస్ అరచేయి పట్టాడు. అది అందులో వాలింది.

కింద తెల్లటి పిండి పొర. కెంజీ తడి దూదిని దాని మీద దొర్లించింది. నారింజ రంగు కనిపించింది. టోపీ. మోచెయ్యి. బంతి.

అదే పిచర్. అదే బొమ్మ.

కింది కార్డు ఛాతీ మీదుగా ఒక మడత గీత ఉంది, ఒక మూల నలిగి గుండ్రంగా అయిపోయింది. మసి సోకని కింది పట్టీ మీద పేరు స్పష్టంగా ఉంది, ఎర్లాఖర్ అని. రీజిస్ అరచేతిలోని పై కార్డు నాలుగు మూలలూ పదునుగా ఉన్నాయి.

ముందు నవ్వింది రీజిస్. భుజాలు కదిలిపోయేంతగా నవ్వాడు. "మార్పిడి చేశాడురా" అన్నాడు. "మూల పోయిన దానికంటే మంచిది దొరికింది, తెచ్చి దాని మీదే వేసుకున్నాడు. గనిలో పొద్దంతా బొగ్గు తవ్వి, వచ్చి ఈ పని. వీడు మనవాడే."

స్టూష్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను రసాయనశాస్త్రం చెప్పిన రోజుల్లో ప్రయోగం ఫలించినప్పుడు పిల్లల ముఖాలు ఎలా ఉండేవో, ఆ హాలులో ముసలివాళ్ళ ముఖాలన్నీ అలా ఉన్నాయి. వెనక వరుసలో ఒక కుర్రవాడు చేతిలో ఉన్న మెరుపు కార్డును జేబులో వేసుకుని, "ఎర్లాఖర్ స్పెల్లింగ్ ఏంటి?" అని ఫోను తెరిచాడు. కెంజీ అప్పటికే వెతుకుతోంది. ఇద్దరి తలలూ ఒకే తెర మీదికి వంగాయి.

"దొరికాడు" అంది. "ఆల్టూనాలో ఆడాడు. నాలుగు ఆటలు ఓడాడు."

"నాలుగు ఓడినవాణ్ణి రెండుసార్లు అతికించాడా?" అన్నాడు స్టూష్. "ఎంత అభిమానమో పాపం."

రీజిస్ తడి కార్డును రెండు అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన చదునైన గాజు పలక పెట్టాడు. "ఇది నీదే. ఇంత మంచి మూలలు ఈ మధ్య నేను చూడలేదు. దేన్లో పెట్టి దాచుకుంటావు?"

"దేన్లోనూ కాదు. ఆరాక మళ్ళీ అక్కడే అతికిస్తాను."

స్టూష్ గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. వదిలించిన కార్డును తిరిగి జిగురు చేసినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

రీజిస్ మాత్రం మళ్ళీ కింది కార్డు మీదికి వంగాడు. "కింది దాని మీదా?"

"కింది దాని మీదే. ఒక అంచుకే జిగురు పెడతాను, తలుపులా తెరుచుకునేలా. అప్పుడు ఇద్దరూ కనిపిస్తారు."

"గోధుమ పిండి జిగురైతేనే. బజారు జిగురు పెట్టావంటే నిన్ను ఈ హాలులోకి రానివ్వను" అన్నాడు రీజిస్. "పలచగా కాచాలి. ఎలా కాచాలో చూపిస్తా. ముందు ఇది ఆరాలి, దాన్ని తొందరపెడితే కుదరదు. వంకర పోతుంది."

"ఎప్పుడు రమ్మంటారు?"

"మొదటి శనివారం" అన్నాడు అతను, అలవాటు కొద్దీ.

"మా సైటులో ఇంకో ఇద్దరికి ఈ పిచ్చి ఉంది. తీసుకురానా?"

"చేతులు కడుక్కుని రమ్మను."

కాలీన్ కాగితం మీద కలం పెట్టి, ఏమీ అడగకుండా, వచ్చే ఏడాది శనివారాల మీద ఒక్కొక్కటిగా హూడక్ అని రాసుకుపోతోంది. రీజిస్ అది చూశాడు. గాజు పలకను తిన్నగా జరిపి, దాని మీద మరో బరువు పెట్టాడు.

"పళ్ళెం ఖాళీ చేస్తావా?" అంది పాలెట్ వంటగదిలోంచి. "ఈ నెలలోనే పండగ, దాన్లో పక్షి కాలాలి."

"ఇవాళ పళ్ళెం వాడనే లేదు" అన్నాడు రీజిస్. "పండక్కి ఇంకోటి కొనుక్కో. ఇది మాకు కావాలి."