టర్కీ మాస్టారికి నేను అంటగట్టిన ఐరన్ లెగ్

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. తెలియదని ఒప్పుకోవడం ఒక్కటే తెలియదు. ఆ రోజుల్లో నేను ఐర్లండ్‌లోని అత్లోన్‌లో చదువుకుంటూ, ఒక టర్కీ బార్బర్ షాపు పైనున్న గదిలో అద్దెకుండేవాణ్ణి. గదిలో చలి, కింద షాపులో వెచ్చదనం. టర్కీవాళ్ళ మీద నాకు పుట్టిన అభిమానానికి మూలం అంతే (తర్వాత దానికి చాలా గొప్ప కారణాలు చెప్పుకున్నాను). షాపు యజమానిని అందరూ అబీ అనేవారు, అంటే అన్నయ్య అని. ఆ ఏడాది ప్రపంచ బాస్కెట్‌బాల్ పోటీలు వాళ్ళ దేశంలోనే జరుగుతున్నాయి. అన్నాళ్ళూ ఫుట్‌బాలే లోకంగా బతికిన జనానికి, పొడుగాటి కుర్రాళ్ళ జట్టొకటి ఒక్క ఆట కూడా ఓడకుండా పైకి ఎగబాకుతుంటే పిచ్చెక్కిపోయింది. సాయంత్రం కాగానే షట్టరు సగం దించి, కటింగు కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పేసేవాళ్ళు.

కొడుకును చూడ్డానికి అబీ వాళ్ళ నాన్నగారు అప్పుడే ఊరినుంచి వచ్చారు. ఆయన్ని నేను మాస్టారు అనేవాణ్ణి, ఎందుకంటే నిజంగానే బడిలో ఆటల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలంలో బడి గోడకు తనే ఇనపచుట్టు బిగించి పిల్లల చేత ఆడించారట. అందరూ అరుస్తుంటే ఆయన మాత్రం కుర్చీ అంచున, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరీక్ష రాస్తున్న కొడుకుని కిటికీలోంచి చూసినట్టు చూసేవారు. ఆయనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనూ, దువ్వెనలూ పౌడరు డబ్బాలూ బల్ల మీద పేర్చి, నాకు ఆట నేర్పింది కూడా ఆయనే. ఈ మాట రాస్తుంటేనే తల దించుకోవాలనిపిస్తోంది.

సెమీఫైనల్ సెర్బియాతో. ఆట చాలాసేపు మనవాళ్ళు (అప్పటికే నేను మనవాళ్ళు అనేదాకా వచ్చేశాను) వెనకబడే ఉన్నారు. కష్టపడి ముందుకొచ్చారు, నేను టీ పోసుకుని కూర్చున్నాను, అవతలివాళ్ళు బుట్టలో వేశారు. ఇలా రెండు మూడుసార్లు జరిగేసరికి షాపులో పనిచేసే పొట్టి బార్బర్ నావైపు తిరిగాడు.

"ఏంటి ఇండియా, నువ్వు కూర్చుంటే చాలు, వాళ్ళకి పాయింటు పడుతోంది?"

షాపంతా నన్నే చూసింది. నాలుగు సెకన్లు మిగిలి, ఒక్క పాయింటు వెనకబడి, మనవాళ్ళు టైమౌట్ తీసుకున్న క్షణం అది. నన్ను బయటికి పొమ్మంటారని భయమేసింది. బయట వాన. అప్పుడు నా నోట్లోంచి, నాకంటే ముందు, మా ఊరి క్రికెట్ పరిజ్ఞానం బయటికొచ్చింది.

"నేను కాదు. మా దగ్గర దీన్ని ఐరన్ లెగ్ అంటారు. కొందరు చూస్తే చాలు, జట్టు ఓడిపోతుంది. అలాంటివాళ్ళని మేం గదిలోంచి పంపించేస్తాం. కావాలంటే గమనించండి, మాస్టారు ముందుకు వంగినప్పుడల్లా పాయింటు పోతోంది."

తన పేరు వినపడి మాస్టారు తలెత్తి కొడుకుని ఏదో అడిగారు. పొట్టివాడు నవ్వుతూ అంతా టర్కీ భాషలో విప్పి చెప్పాడు. మాస్టారు నవ్వలేదు. నావైపు చూసి, అవునన్నట్టు మెల్లగా తలూపి, టోపీ పెట్టుకుని, జేబులో సిగరెట్ల కోసం తడుముకుంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. అబీ సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎవ్వరం ఆపలేదు.

ఆ తర్వాత జరిగింది టర్కీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చేజారబోయిన బంతి ఒకడికి చిక్కింది, వాడు గీత పక్కనుంచి దూసుకెళ్ళి వేసేశాడు. గెలిచాం. షేవింగు నురగ గాల్లోకి ఎగిరింది, అబీ నన్ను ముద్దుపెట్టుకున్నాడు, పొట్టివాడు నన్ను ప్రొఫెసర్ అన్నాడు. ఆ కౌగిళ్ళ సందులోంచి గాజు తలుపు అవతల మాస్టారు కనిపించారు. వానలో, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. లోపలి కేకలు గెలుపువో ఓటమివో తెలియక, తిరిగి చూస్తే ఏం చెడుతుందోనని కాబోలు, మెడ కూడా తిప్పకుండా ఉన్నారు.

పైకి వెళ్ళి ఈ ఘనకార్యం మా గుంటూరు రూమ్మేటుకి చెప్పాను. ఆసుపత్రిలో డ్యూటీ దిగి అప్పుడే అన్నం కలుపుకుంటున్నాడు.

"పెద్దాయన్ని వానలో నిలబెట్టావా? బుద్ధుందారా నీకు?"

"తర్వాత రీప్లే చూశాడ్లేరా."

"గెలిచామని తెలిశాక చూసేదాన్ని ఆటంటార్రా, సన్నాసీ? ఆయన జీవితమంతా ఎదురుచూసింది రీప్లే కోసమా?"

వాడు పెట్టిన ఆవకాయ కూడా ఆ పూట కారంగా లేదు.

మర్నాడు ఫైనల్, అమెరికాతో. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. "నడకకి వెళ్ళారు. ఆట అయ్యాకే వస్తారట," అన్నాడు అబీ, నావైపు చూడకుండా. "ఈ పోటీలకు ముందు మా దేశం ఆడిన పెద్ద ఆటల్లో మా నాన్న చూసినవన్నీ ఓడినవే. ఆయనకి ముందునుంచే అనుమానం. నువ్వు ఖాయం చేశావు."

ఆ సాయంత్రం ఆ షాపులో నేను చేసిన ప్రార్థన ఎవరికీ చెప్పలేదు. మనవాళ్ళు ఓడిపోవాలని మొక్కుకున్నాను. గెలిచారంటే ఆ పెద్దాయన బతికినన్నాళ్ళూ ఇక ఒక్క ఆట కూడా చూడరు. అమెరికావాళ్ళు నా మొక్కు ఎక్కువసేపు పెండింగులో పెట్టలేదు. షాపంతా తలలు పట్టుకుని కూర్చుంటే నేనొక్కణ్ణే తలుపు తోసుకుని నది ఒడ్డుకి పరిగెత్తాను. వంతెన దగ్గర బెంచీ మీద దొరికారు.

"మాస్టారూ! ఓడిపోయాం! టర్కీ ఫినిష్!"

పెళ్ళి కుదిరిందన్నంత సంతోషంగా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. నన్ను నదిలోకి తోస్తారేమోనని ఒక అడుగు వెనక్కి వేసి, "మీరు లేరు. నో మాస్టారు. అయినా ఓడాం. పదిహేడు పాయింట్లు! మీరు కాదు, నాది తప్పు, నేను అబద్ధం చెప్పాను," అన్నాను. కుక్కతో వెళ్తున్న ఒకావిడ ఆగి, "అంతా గ్రాండేనా?" అని అడిగింది, అంటే అక్కడివాళ్ళ మాటలో అంతా బాగానే ఉందా అని.

ఆయన వేలు తన గుండెకి ఆనించి, "ఐ... నో?" అన్నారు, నేను కాదా అన్నట్టు. "నో," అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఆయన టోపీ తీసి మొహం తుడుచుకున్నారు. దేశం ఓడినందుకో, తను బయటపడినందుకో నాకు తెలియలేదు, అడిగే ముఖం నాకు లేదు. లేస్తూ నా భుజం పట్టుకున్నారు. క్షమించారనుకుందామంటే, అది ఆసరా కోసం పట్టుకోవడం కూడా కావచ్చు.

ఇప్పుడు అదే దేశంలోని కార్క్‌లో ఉంటున్నాను, ఊరి పక్కన రింగాస్కిడీలో ఉద్యోగం, నెత్తిన జుట్టు తక్కువ. ఈలోపు ఇస్తాంబుల్ క్లబ్బులు యూరప్ కప్పులు పట్టుకెళ్ళాయి, వాళ్ళ ఆడపిల్లలు వాలీబాల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు, పొడుగాటి కుర్రాళ్ళు ఈమధ్యే యూరప్ ఫైనల్ దాకా వెళ్ళారు. ఆ ఫైనల్ చివరి నిమిషాల్లో నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. ఎవరూ పొమ్మనలేదు. చెప్పులు తడుస్తుండగా గోడకేసి నిలబడ్డాను. లోపల ఏదో అరుపు, మంచిదో చెడ్డదో తెలియదు. నాలుగు సెకన్లు బయటివాడికి ఎంతసేపుంటాయో తెలుసుకుందామని ప్రతిసారీ వెళ్తాను. ప్రతిసారీ అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

తలుపు తెరుచుకుంది. "దే లాస్ట్, డాడ్," అంది మా అమ్మాయి తన కార్క్ యాసలో. "నువ్వు లోపలున్నా లాస్ అయ్యేవాళ్ళే. కమ్ ఇన్, తడిసిపోతున్నావ్."

ఎంత సులువుగా అనేసింది! ఆ ఒక్కమాట చెప్పడానికి నాకు ఒక రాత్రీ ఒక పగలూ పట్టాయి.